వానాకాలంలో బిగిసే టేకు తలుపు: ఎంత తీయాలి, ఎక్కడ తీయకూడదు

ఇల్లు కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లో, పంట కాలువ గట్టున ఉన్న పాత డాబా. తలుపు పడకగదిది. ఒంటిరెక్క, టేకు చట్రం, టేకు ప్యానెళ్ళు. రెక్క వెడల్పు 911 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులకు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ. మందం 35 మి.మీ. నిలువు పట్టెలు ఒక్కోటి 100 మి.మీ., కింది అడ్డపట్టె 200 మి.మీ. వెడల్పు. ద్వారబంధం నాలుగు అంగుళాలు, మూడు అంగుళాల సైజు చెక్క. దీనికి గడప లేదు, మూడు వైపులే. నాలుగంగుళాల ఇనుప మడత బందులు మూడు, అంచులోకి దిగేసి బిగించే మోర్టైజ్ తాళం ఒకటి, పైన టవర్ బోల్ట్ (గడియ) ఒకటి.

గదిలో పాత మొజాయిక్ మీదే గమ్ముతో కొత్త టైల్స్ వేయించారు. అందుకోసం రెక్క ఊడదీసి, వరండాలో గోడకు నిలబెట్టారు. ఆగస్టు వానలకు జల్లు కొట్టి దాని అడుగుభాగం తడిసింది. టైల్స్ పని అయ్యాక రెక్క ఎక్కించబోతే కింద ఆనుతోంది. అంతకుముందు కూడా రెండు మూడు వానాకాలాలుగా తాళం వైపు పై మూల ద్వారబంధానికి పట్టేసి, భుజం పెట్టి నెడితే గానీ పడేది కాదు. ఇంటివాళ్ళు అడిగింది ఒక్క ముక్కలో: “మేస్త్రిగారూ, కింద అరంగుళం, పక్కన ఓ నూలు తీసేయండి.”

అడిగినట్టే తీస్తే కింద చాలదు, పక్కన ఎక్కువైపోతుంది. మే నెలలో అదే తలుపు పక్కనుంచి అవతలి గది దీపం కనబడుతుంది. ఎందుకో లెక్కతో చూడొచ్చు.

చెక్క ఎటు ఉబ్బుతుంది

చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది. నిలువున, అంటే నార వెంట వచ్చే మార్పు లెక్కలోకి రానంత తక్కువ. ప్యానెల్ తలుపు ఎత్తును నిలువు పట్టెలు పట్టి ఉంచుతాయి కాబట్టి వానాకాలమైనా ఎండాకాలమైనా రెక్క ఎత్తు మారదు. వానల్లో తలుపు కింద రాసుకుంటుంటే చెక్క పొడుగు పెరిగిందనుకోకూడదు. బందు జారి ఉండాలి, లేదా నేల లేచి ఉండాలి. దీన్నిబట్టి పనికొచ్చే సంగతి ఒకటుంది: అడుగు కోత ఒక్కసారి సరిగ్గా కోస్తే చాలు, పక్క కోతకు మాత్రం ఋతువు చూడాలి.

పక్క లెక్క ఇలా వేయాలి. టేకులో తేమ ఒక శాతం మారితే అడ్డకోత పలక (మాను వలయాలు వెడల్పు వెంట పడుకున్నది) వెడల్పులో సుమారు 0.19 శాతం మార్పు వస్తుంది. నిలువు కోత పలకైతే (వలయాలు మందం వెంట నిలబడినది) అందులో సగం. డెల్టాలో ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంట్లో ఉన్న టేకు తేమ 16–18 శాతం దగ్గర నిలుస్తుంది, మే నెలలో 12 దాకా దిగుతుంది. ప్యానెళ్ళు గాడిలో వదులుగా కూర్చుంటాయి కాబట్టి వెడల్పు లెక్కకు అవి రావు. వచ్చేది రెండు నిలువు పట్టెలే, 200 మి.మీ. అయిదు శాతం తేమకు 200 × 0.0019 × 5, అంటే 1.9 మి.మీ. ఇది గరిష్ఠం.

అదే పాత ఇళ్ళలో ఉండే పలకల తలుపయితే, అంటే నిలువు పలకలు పక్కపక్కన పేర్చి వెనక అడ్డకర్రలు కొట్టినదైతే, వెడల్పంతా ఉబ్బే చెక్కే. 900 మి.మీ.కు ఎనిమిదిన్నర మి.మీ. దాకా కదులుతుంది. పలకల మధ్య సందులు కొంత మింగినా ఎక్కువగా పట్టేసేది ఇలాంటి తలుపులే. రెండు తలుపులకూ ఒకే కొలత చెప్పే మేస్త్రి చెక్కను చూడకుండా చెబుతున్నట్టే.

ఈ తలుపులో బయటపడినవి

పిన్నుల తేమ మీటరు పెడితే నడుము దగ్గర 17 శాతం, అడుగున తడిసిన చోట 22. మీటరు లేనివాళ్ళు పట్టె మీద పెన్సిల్ గుర్తు పెట్టి, వెర్నియర్‌తో వెడల్పు కొలిచి రాసిపెట్టుకుని, ఫ్యాను గాలికి ఆరాక మళ్ళీ కొలిస్తే చాలు. తేడా ఆగిపోయిందంటే ఆరినట్టే.

పై బందు స్క్రూలు నాలుగింటిలో రెండు తిప్పితే తిరుగుతూనే ఉన్నాయి, పట్టు లేదు. ఇనుప స్క్రూ చుట్టూ తుప్పు పట్టి చెక్క నల్లబడి మెత్తబడింది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, అంతర్వేది, ఓడలరేవు వైపు, ఇది మరీ త్వరగా వస్తుంది. ద్వారబంధం మీద పాత రంగు గీత చూస్తే బందు రెక్క 2 మి.మీ. బయటికి జారి ఉండేదని తెలుస్తుంది. పై బందుకూ కింది బందుకూ దూరం 1,500 మి.మీ. ఉన్నప్పుడు పైది 2 మి.మీ. జారితే, తాళం వైపు పై మూల 2 మి.మీ. ముందుకొచ్చి ద్వారబంధాన్ని తాకుతుంది. దాంతోపాటు ఆ అంచు మొత్తం 1.2 మి.మీ. కిందికి దిగుతుంది. ఆ మూల రాపిడికి రంగు పోయి, పైనుంచి అడుగు పొడవున పచ్చి చెక్క బయటపడి ఉంది. పట్టేస్తున్నది చెక్క లావై కాదు, ఎక్కువ భాగం ఈ జారుడు వల్లే.

తూకం గుండు వేలాడదీస్తే బందుల వైపు ద్వారబంధం నిలువుగానే ఉంది. తాళం వైపుది పైన 2 మి.మీ. లోపలికి వాలింది. డెల్టా బంకమట్టిలో ఇది మామూలే. కాలువ కట్టేసిన ఎండాకాలంలో గట్టు మట్టి బీటలిచ్చి, నీళ్ళు వదిలాక మళ్ళీ ఉబ్బుతుంది. పాత పునాదులు దాంతోపాటు కొంచెం కదులుతాయి. కదలిక ఇంకా నడుస్తోందా, ఆగిపోయిందా అన్నది తలుపు తీయడానికి ముందే తేల్చుకోవాలి. ఇక్కడ ద్వారబంధం మూల దగ్గర గోడ పగులులోకి పాత రంగు దిగి ఉంది, ఆ రంగు మళ్ళీ చీలలేదు. అంటే ఆగిపోయిన కదలికే. పగులు అంచు తెల్లగా, పదునుగా కొత్తగా ఉంటే అది చిత్రికతో తీరే పని కాదు. పునాది సంగతి చూపించుకోవాలి.

నాలుగోది రంగు. ఎనామెల్ ఒక కోటు ఆరాక 25–30 మైక్రాన్లు ఉంటుంది. అయిదారు కోట్లు పడితే ఒక ముఖానికి 0.15 దాటుతుంది. రెక్కకు రెండు అంచులు, ద్వారబంధానికి రెండు లోపలి ముఖాలు, అన్నీ కలిపితే ముప్పావు మిల్లీమీటరు దాకా సందు రంగే తినేసింది. రెక్క పై అంచు మాత్రం చేత్తో తడిమితే గరుకుగా, పచ్చిగా ఉంది, ఏనాడూ రంగు ఎరగదు. రంగులేసేవాళ్ళకు కనబడదు, ఇంటివాళ్ళు నిచ్చెనెక్కి చూడరు. నిలువు పట్టె తల అక్కడే గాలి తేమను పీలుస్తుంది.

ముందు బందులు

రెక్కను ముట్టుకోకముందే ద్వారబంధంలో పాడైన రంధ్రాలు సరిచేయాలి. అగ్గిపుల్లలు, చీపురుపుల్లలు దూర్చి స్క్రూ బిగించడం ఆ పూటకి పనికొస్తుంది, బరువున్న టేకు రెక్కకు నిలవదు. నల్లబడిన చెక్క పోయేదాకా 10 మి.మీ. బరమాతో 40 మి.మీ. లోతు తొలిచి, అదే సైజు గట్టి టేకు గూటానికి నీటికి తట్టుకునే గమ్ము రాసి దిగ్గొట్టాలి. ఒక రాత్రి ఆరనిచ్చి, ఉలితో మట్టంగా కోయాలి. గూటం తలలో ఉండేవి నార కొసలు కాబట్టి అందులో పొట్టి స్క్రూ పట్టు తక్కువ. అందుకని పాత ఒకటింపావు అంగుళం స్క్రూల బదులు రెండంగుళాల స్టెయిన్‌లెస్ స్క్రూలు వేశారు. గూటం దాటి కొత్త చెక్కలోకి దిగాలి. మూడంగుళాల చెక్క కాబట్టి చోటుంది. ముందు 3 మి.మీ. రంధ్రం వేసి, స్క్రూకు సబ్బు రుద్ది బిగించాలి. ఇత్తడి స్క్రూ వాడేవాళ్ళు అదే కొలత ఇనుప స్క్రూ ఒకసారి బిగించి తీసి, ఆ దారిలో ఇత్తడిది వేయాలి. నేరుగా వేస్తే టేకులో తల తెగిపోతుంది.

స్క్రూ తలలు బందు మట్టానికి పైకి వచ్చి ఉండకూడదు. ఒక్క తల లేచినా మూసేటప్పుడు బందు రెక్కలు పూర్తిగా కలవవు, తలుపు స్ప్రింగు పెట్టినట్టు వెనక్కి తంతుంది. చాలామంది దాన్ని కూడా ఉబ్బుడే అనుకుని అంచు తీసేస్తారు.

అడుగు కోత

రెక్క ఎక్కించి చూద్దామంటే కింద నేల అడ్డం. కాబట్టి కొలత బందు గాడి నుంచే తీయాలి. ద్వారబంధంలో పై బందు గాడి పై అంచు నుంచి కొత్త టైల్ దాకా 1,861 మి.మీ. రెక్క మీద అదే గాడి పై అంచు నుంచి అడుగు దాకా 1,870. అంటే 9 మి.మీ. అడ్డం. రెక్క తిరిగే మేరంతా నేల మీద బద్ద, రసమట్టం పెట్టి చూస్తే, బందు దగ్గరకంటే తాళం వైపు ఒకచోట 2 మి.మీ. ఎత్తు. ఆ ఎత్తయిన చోట కూడా 6 మి.మీ. సందు ఉండాలి. 9 + 2 + 6, మొత్తం 17. మూసిన చోట మాత్రమే కొలిస్తే ఈ 2 మి.మీ. దొరకదు, తలుపు సగం తెరిచాక టైల్ మీద గీరుతుంది.

17 తీయొచ్చా అన్నది కుసిని, అంటే నిలువు పట్టె బెజ్జంలోకి దూరే అడ్డపట్టె కొసను, అడగాలి. కింది అడ్డపట్టె కుసి నిలువు పట్టెలోంచి ఆవలికి దూసుకొచ్చే రకమైతే, తాళం అంచున రంగు గీకితే కుసి కొస, దాని చీలలు కనబడతాయి. ఇక్కడ కుసి అడుగు నుంచి 38 మి.మీ. పైన మొదలవుతోంది. 17 తీస్తే 21 మిగులుతుంది, ఫరవాలేదు. 12 కంటే తక్కువ మిగిలేలా కోస్తే కుసి బెజ్జం కింద చెక్క విరిగి కీలు వదులవుతుంది. అంత కోయాల్సి వస్తే నేల సంగతే మళ్ళీ ఆలోచించాలి. ఫ్లష్ డోర్ (రెండువైపులా ప్లై అతికిన సాదా తలుపు) అయితే హద్దు ఇంకా ముందే వస్తుంది: అడుగున అతికిన గట్టి చెక్క పట్టీ ఎంత ఉందో అంతే. దాన్ని దాటితే లోపలి ముక్కలు బయటపడి, తేమ తాకగానే ప్లై విచ్చుతుంది. అప్పుడు కోసేసిన పట్టీ మందాన కొత్తది లోపల దిగేసి అతకాలి.

గడప ఉన్న ద్వారాల్లో ఈ బాధ వేరు. టైల్స్ గడపతో సమానంగానో ఇంకా ఎత్తుగానో వచ్చినా, గడపను చెక్కి దించుదామని ఎవరూ అనరు. శుక్రవారం పసుపు రాసే చెక్క మీద ఉలి పెట్టనివ్వరు. అక్కడ కోత పడేది ఎప్పుడూ రెక్కకే.

తడి చెక్క కోస్తే నార పీచుగా లేస్తుంది, ప్రైమర్ అంటుకోదు. అందుకని రెక్కను మూడు సమాన ఎత్తు కర్రల మీద పడుకోబెట్టి, గదిలో ఫ్యాను కింద, మధ్యలో తిరగేస్తూ ఆరనిచ్చారు. అడుగు తేమ నడుముతో సమానంగా 17కు దిగాకే రంపం పెట్టారు. ఎండలో పెడితే ఒకవైపే ఆరి రెక్క వంకరపోతుంది, ప్యానెల్ చీలుతుంది. వరదనీళ్ళలో నానిన తలుపులకు, 2022 జూలైలో లంక ఊళ్ళలో మునిగినలాంటి వాటికి, ఈ ఆరబెట్టే కాలం వారాలు పడుతుంది. నీరు తీయగానే బిగిసిందని కోసేసుకున్న తలుపులు తర్వాత పనికిరావు.

గీత మూలమట్టంతో రెండు ముఖాల మీదా, రెండు అంచుల మీదా పడాలి. నిలువు పట్టెల దగ్గర రంపం నారకు అడ్డంగా పోతుంది కాబట్టి పెన్సిల్ గీత చాలదు. పదును కత్తితో మిల్లీమీటరు లోతు గీయాలి. అప్పుడు పైపొర పెచ్చులు లేవదు. కరెంటు సర్క్యులర్ రంపంతో కోసేవాళ్ళు మంచి ముఖాన్ని కిందికి పెట్టాలి, పళ్ళు కింద నుంచి పైకి కోస్తాయి కాబట్టి పెచ్చు పైముఖానికే పడుతుంది. బద్ద బిగించి దాని వెంట నడపాలి. జిగ్‌సా ఈ పనికి వద్దు. 35 మి.మీ. టేకులో దాని బ్లేడు కింద పక్కకు వంగి, అడుగు ఏటవాలుగా వస్తుంది. కోశాక చిత్రికతో సాపు చేసేటప్పుడు అంచుల నుంచి మధ్యకు తోయాలి, మధ్య నుంచి బయటికి తోస్తే మూల చెక్క పెచ్చుగా ఊడిపోతుంది.

పక్క అంచు

ఇప్పుడు రెక్క ఎక్కింది. బందు సరిపడగానే మూల పట్టేయడం పోయింది. తాకుతోంది, అంతే. సందు కొలవడానికి ఏటీఎం కార్డు చాలు, దాని మందం 0.76 మి.మీ. రెండు కార్డులు దూరితే ఒకటిన్నర, నాలుగు దూరితే మూడు. ఇక్కడ పైన కార్డు దూరలేదు. నడుము దగ్గర 1 మి.మీ., అడుగున 2. ద్వారబంధం వాలిన 2 మి.మీ. తేడా అచ్చంగా ఇక్కడ కనిపిస్తోంది.

చిత్రిక తీసే ముందు అంచు మీది, ద్వారబంధం లోపలి ముఖం మీది పాత రంగు గీకాలి. 2017 నవంబరుకు ముందు వేసిన ఎనామెల్‌లో సీసం ఉండొచ్చు, కాబట్టి పొడిగా రాపిడి చేయకుండా, నీళ్ళు చల్లి ఇసుక కాగితంతోనో, గీకుడు బ్లేడుతోనో తీయాలి. ముక్కుకు మాస్కు, గదిలో పిల్లలు లేకుండా చూసుకోవాలి. రంగు తీయగానే ప్రతిచోటా అర మిల్లీమీటరు కలిసొచ్చింది: పైన 0.5, నడుమున 1.5, అడుగున 2.5.

ఆగస్టులో, రెక్క ఒళ్ళు చేసి ఉన్న సమయంలో, తాళం వైపు 1.5 మి.మీ. ఉంటే చాలు. బందుల వైపు 1, పైన 2. ఇదే పని మే నెలలో చేస్తే తాళం వైపు 3 నుంచి 3.5 వదలాలి, లేకపోతే శ్రావణం వచ్చేసరికి మళ్ళీ పిలుపు వస్తుంది. పైన 1.5 కావాలంటే ఇంకో 1.0, కొత్త ప్రైమర్, రంగు పొరలకు 0.25, మొత్తం 1.25 తీయాలి. నడుము దగ్గర రంగుకు సరిపడా 0.25. అడుగున ఏమీ తీయక్కర్లేదు. ఇంటివాళ్ళు అడిగిన నూలు, అంటే 3.2 మి.మీ., పైనుంచి కిందిదాకా తీసి ఉంటే, ఎండాకాలం కుదింపు కలుపుకుని అడుగు సందు ఏడు దాటేది.

పై బందు గాడిని అర మిల్లీమీటరు లోతు చేస్తే కూడా మూల వెనక్కి వస్తుంది, చెక్క తీయకుండానే. కానీ బందుల వైపు సందు అప్పటికే 1 మి.మీ.కే ఉంది. ఇంకా తగ్గిస్తే వానల్లో అటువైపు బిగుస్తుంది. అందుకని ఈ తలుపులో గాడిని కదపలేదు.

ఎక్కడ తాకుతోందో కన్నుతో అంచనా వేయకుండా, సందులో కార్బన్ పేపరు పెట్టి మూసి తెరిస్తే నల్ల మరక చెబుతుంది. రెక్క దించి, అంచు పైకి వచ్చేలా నిలబెట్టి, కింద చెక్కదిమ్మెలో గాడి కోసి అందులో కూర్చోబెట్టి చీలతో బిగించారు. పద్నాలుగు అంగుళాల చేతి చిత్రిక, పొర 0.2 మి.మీ. మించకుండా. 1.25 మి.మీ. కోసం కరెంటు ప్లేనర్ తెస్తే మొదలు, చివర గుంట పడుతుంది. కావాల్సిన కొలత ఆ గుంటలోనే అయిపోతుంది. టేకులో ఇసుక గుణం ఉంటుంది, చిత్రిక బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది. పొట్టు చుట్టలుగా రాకుండా పొడిగా రాలుతోందంటే మళ్ళీ నూరాలి. కుసి కొసల దగ్గర నార అడ్డం తిరుగుతుంది కాబట్టి అక్కడ నొక్కి తోయకూడదు. తాళం ముఖం రేకు ముందే విప్పేయాలి.

అంచు సమకోణంగా ఉండకూడదన్నది చాలామంది వదిలేసే సంగతి. తలుపు తిరిగేటప్పుడు, బందు గుబ్బకు దూరంగా ఉన్న ముఖపు మూల ఎక్కువ దూరం తిరుగుతుంది. 911 వెడల్పు, 35 మందానికి ఆ మూల సుమారు 0.7 మి.మీ. పొడుగు. 1.5 సందులో అది సగం తినేస్తుంది, రంగు కాస్త మందంగా పడితే మూసేటప్పుడు తగులుతుంది. అందుకని తాళం అంచును రెండు డిగ్రీల వాలుతో తీశారు. గదివైపు ముఖం అసలు కొలతలో, ద్వారబంధానికి ఆనే ముఖం దానికంటే 1.2 మి.మీ. తక్కువ.

మోర్టైజ్ తాళం ఉన్న అంచు నుంచి ఇంతకంటే ఎక్కువ, మూడు మిల్లీమీటర్లు పైన తీయాల్సి వస్తే తాళం వైపు కాకుండా బందుల వైపు తీయడం మేలు. తాళం పెట్టె గాడి, పిడి రంధ్రం, తాళంచెవి రంధ్రం అన్నీ జరపడం కంటే, మూడు బందు గాడులు మళ్ళీ లోతు చేయడం తేలిక.

పూత, ఆ తర్వాత

కోసిన చెక్కను ఆ రాత్రి పచ్చిగా వదలకూడదు. అడుగు కోతకూ పై అంచుకూ నార తలలు కాబట్టి ఆయిల్ ప్రైమర్ మూడుసార్లు, మొదటిది కొంచెం పలచగా, పీల్చుకునేట్టు. పక్క అంచుకు రెండు. ఆ తర్వాత ఎనామెల్ రెండు కోట్లు, పలచగా. రోజూ నేల తుడిచే నీళ్ళు, పండగ ముందు గది కడిగే నీళ్ళు ముందు తాకేది ఆ అడుగునే. అడుగుకు రంగు వేయాలంటే రెక్క దింపి ఉన్నప్పుడే వేయాలి, ఎక్కించాక బ్రష్ దూరదు. కొంతమంది ఎక్కించాక అద్దం పెట్టి చూపించమంటారు, అడగడం తప్పు కాదు.

రెక్క 1.2 మి.మీ. పైకి లేవడంతో టవర్ బోల్ట్ పై రంధ్రంలోకి తిన్నగా దిగింది, పాత జారుడుకు సరిపెట్టి ఎవరో వెడల్పు చేసిన రంధ్రం మీద కొత్త రేకు వేశారు. మోర్టైజ్ తాళం ముఖం రేకు గాడిని పై సగంలో ఉలితో అర మిల్లీమీటరు లోతు చేయాల్సి వచ్చింది. ద్వారబంధంలోని తాళం రేకు అలాగే ఉంది.

తర్వాతి మే నెలలో నడుము దగ్గర తాళం వైపు సందు 2.8 మి.మీ. ఆ సెప్టెంబరులో మళ్ళీ 1.5. అడుగు సందు రెండుసార్లూ మారలేదు. కింది బందు స్క్రూలు ఒకసారి బిగించారు. నడిమి ఇనుప బందు చుట్టూ తుప్పు మొదలైంది, వచ్చే రంగుల సమయానికి దాని బదులు స్టెయిన్‌లెస్ బందు, అదే నాలుగంగుళాలది, అదే గాడి మందానికి సరిపోయేది, ముందే తెచ్చి ఉంచమని చెప్పారు.